ఇంటిపేరు మారిన కప్ప

కల్వకుర్తి డిగ్రీ కాలేజీల
జువాలజీ ల్యాబ్ అటెండర్ని.
ఫార్మలిన్ సీసాల మూతలు బిగించుడు,
ఊడిన లేబుళ్లకు మైదా గంజి రాసుడు నా పని.

అస్మత్ మేడం గోడకు కొట్టిన పటంల
ఆఫ్రికా కప్ప ఒకటి.
పొంగిన బూరె తీరు ఒళ్లు,
అప్పు లేదన్న షావుకారు తీరు మూతి.
బ్రెవిసెప్స్ అంటది మేడం. పొట్టితలది అని.
మెడ కనపడది. దుంకుడు రాదు.
ఈత అసలే రాదు,
లోతు నీళ్లల్ల ఏస్తే పాణం మీదికొస్తదట.
అయినా దాని పేరు వానకప్ప,
వాన పడ్డ రాత్రే మన్నుల కెళ్లి లేస్తదని.

మొగదానికి చేతులు పొట్టి,
ఆడదాని నడుము అందది.
అందుకే తోలుల జిగురు పుట్టి
తుమ్మబంక తీరు వీపుకు అతుక్కుంటది.
ఆమె అట్లనే మోసుకుంట మన్ను తవ్వి దిగుతది.
ఈ పాఠం నాడు వెనక బెంచీల పోరగాండ్లు నవ్వుతరు,
మేడం కూడ.
లోపటి అర్రల గుడ్లు.
తోకపిల్ల తనమంతా గుడ్డులనే గడిచి,
ఒక్క కుంటనన్న చూడకుంట
కప్ప అయ్యే బయటికొస్తది.

రోహిణి కార్తె ఎండల
మా నాయిన చెన్నకేశులు కాలేజీకొచ్చిండు,
తువ్వాలల ఏందో మూటగట్టుకొని.
చెల్కల గుంత తీస్తుంటే
మూడు మూరల కింద దొరికిందట.
పటం దిక్కు చూసి,
"ఇగో, మనదాని ఫోటో ఎవడు దించిండు?" అన్నడు.

మేడం తువ్వాల ఇప్పి
ఎనక కాలు తిప్పి చూయించింది.
మడిమె కాడ పార అంచు తీరు బొడిపెలు రెండు.
"ఇది యూపెరోడాన్. చెదలు తింటది.
మొకాలు ఒక్కతీరే గని
దీని గుడ్లకు వాన గుంత కావాలె,
గుంత ఎండితే పిల్లలు పోతయి.
ఒకప్పుడు రెండిటికీ ఒకటే ఇంటిపేరు, మైక్రోహైలిడే.
తర్వాత నెత్తుర్ల రాత చదివి
దాన్ని వేరుపెట్టిన్రు."
"పాస్‌బుక్కుల పేరు మార్చిన్రన్నట్టు.
మరి కప్పకు ఎరుకనా?"
మేడం చానాసేపు ఆలోచన చేసింది.
"పరీక్షల అడుగుతరు," అన్నది.

నాకు తొమ్మిదేండ్లప్పుడు
వానల్లేక కప్పతల్లి ఆడినం.
రోకలికి కట్టి, యాపమండలు చుట్టి,
గడప గడపకు తిప్పినం.
బిందెలకు బిందెలు కుమ్మరిచ్చిన్రు.
మూడో ఇంటికాడ కదులుడు బందయింది దానికి.
చూసినోళ్లం ఎవ్వరం చెప్పలె,
పాట ఆపలె.
ఆ ఏడు నాయిన ఊర్ల లేడు,
ఏ రాజ్యంల ఏ కాల్వ తవ్వుతుండెనో.

సీసా కడిగి పెట్టిన నేను. నమూనా రాసిన.
నాయిన తువ్వాల మడత ఇడువలె.
"మేం ముందరికి తవ్వుకుంట పోయినం మేడం.
తవ్విన జాగల ఒక్క పూట కూసోలె.
ఇది ఎనక్కు తవ్వుకుంట అండ్లనే దిగుతది,
చూడుండ్రి."

నల్లా పక్కన మెత్తటి మన్నుల ఇడిచిండు.
కొంచెం సేపు బొమ్మ తీరు కూసున్నది.
తర్వాత నడుము అటొకసారి ఇటొకసారి.
ముడ్డి మునిగింది, పొట్ట మునిగింది,
ఆఖరికి మొకం,
మనం ఏదో బాకీ ఉన్నట్టు చూసుకుంటనే.
మేడం గడియారం చూసి
నాలుగు నిమిషాలన్నది.
నాయిన వంగి, మన్ను మీద చెయ్యి పెట్టి,
ఒత్తకుంట తీసిండు.

సాయంత్రం పటం మీద
కొత్త ఇంటిపేరు చీటీ అతికిచ్చిన, బ్రెవిసిపిటిడే.
గంజి తడికి
కింది పేరు పైకి కనపడ్డది.
తెల్లారి ఆరింది.
రిజిస్టర్ల నమూనా అన్న కాడ
ఖాళీ ఇడిచిన.
నల్లా కింద ఇప్పుడు
బకెట్ ఈడ్వను, ఎత్తే పెడత.